పాట మధ్యలో ఆగిన అడుగు

2008 అక్టోబరు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాంటన్ పట్నం. ఆర్కిటిక్ ఎడ్జ్ అనే మంచు రింకులో ఇరవై ఒక్కేళ్ల స్కాట్ మోయిర్ జోడీ లేకుండా జంట నృత్యం సాధన చేస్తున్నాడు. చేతుల్లో హాకీ కర్ర పట్టుకుని అడుగులు వేస్తాడు. ఎత్తే భంగిమ వచ్చేసరికి కర్ర వదిలేసి ఇసుక మూట ఎత్తుకుంటాడు. అమ్మాయి చెయ్యి ఉండాల్సిన చోట కర్ర, ఆమె బరువు ఉండాల్సిన చోట ఇసుక. అదే రింకులో అతని ప్రధాన ప్రత్యర్థులు మెరిల్ డేవిస్, చార్లీ వైట్ జంటగా సాధన చేసుకుంటూ ఉంటారు. వాళ్లకూ అతనికీ కోచ్‌లు కూడా ఒకరే.

ఆ ఇసుక మూట స్థానంలో ఉండాల్సిన అమ్మాయి పేరు టెస్సా వర్చ్యూ. పంతొమ్మిదేళ్లు. అప్పటికి ఏడు నెలల కిందట స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వీళ్లిద్దరూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచారు. ఇప్పుడామె సరిహద్దుకు అవతల, కెనడాలో ఉంది. రెండు కాళ్లకూ మోకాళ్ల కింద ఆపరేషన్ అయింది. ఒలింపిక్స్‌కు పదహారు నెలలే ఉంది, అదీ సొంత దేశంలో, వాంకోవర్‌లో.

దాదాపు రెండు నెలల పాటు ఆ ఇద్దరి మధ్య సరిగ్గా మాటల్లేవు. గొడవ పడింది లేదు, ఒకరినొకరు తిట్టుకున్నదీ లేదు. పదకొండేళ్లుగా రోజూ చేతులు పట్టుకుని తిరిగినవాళ్లు ఫోన్ తీసి ‘ఎలా ఉన్నావు’ అని అడగలేకపోయారు. ఈ సంగతి తర్వాత వాళ్లే చెప్పుకున్నారు. టెస్సా జీవితంలో కాళ్ల నొప్పి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆ రెండు నెలల మౌనమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఆ పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే నగరం ఉంది. దాని పక్కనే పొలాల మధ్య ఇల్డర్టన్ అనే పల్లె. అక్కడి రింకులో స్కాట్ దగ్గరి బంధువు కారల్ మోయిర్ పిల్లలకు స్కేటింగ్ నేర్పేవారు. 1997లో ఆమె ఏడేళ్ల టెస్సానూ తొమ్మిదేళ్ల స్కాట్‌నూ పక్కపక్కన నిలబెట్టి, చేతులు కలిపారు. స్కాట్‌కు హాకీ అంటే ప్రాణం. టెస్సాది బ్యాలే. తొమ్మిదేళ్ల వయసులో నేషనల్ బ్యాలే స్కూల్లో సీటు వస్తే వద్దనుకుని మంచు మీదే ఉండిపోయింది. పదిహేనేళ్లకల్లా కాంటన్ చేరింది. అక్కడ మరీనా జుయేవా, ఇగోర్ ష్పిల్‌బాండ్‌ల శిక్షణ. 2006లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. ఐస్ డ్యాన్స్‌లో కెనడాకు ఆ టైటిల్ రావడం అదే మొదలు.

ఐస్ డ్యాన్స్ చూడ్డానికి సుకుమారంగా ఉంటుంది. పెయిర్ స్కేటింగ్‌లో లాగా అమ్మాయిని తలపైకి ఎత్తి పట్టుకోవడం, గాల్లోకి విసరడం ఉండవు. అందుకే కొందరికి ఇది తేలిక ఆటగా కనిపిస్తుంది. కానీ ఇక్కడ మార్కులన్నీ బ్లేడు అంచు మీదే ఉంటాయి. బ్లేడుకు లోపలి అంచు, బయటి అంచు అని రెండుంటాయి. మోకాలు బాగా వంచి, ఏదో ఒక అంచు మీద ఒంటి బరువంతా వేసి, పక్కనున్న మనిషికి గోరంత దూరంలో, అదే వేగంతో తిరగాలి. మన కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో పట్టి నడిపించేటప్పుడు చూసేవాళ్ల కళ్లు నర్తకి ముఖం మీదే ఉంటాయి, భారం మోసేది మాత్రం పిక్కలు. ఇదీ అంతే. ముఖంలో ప్రేమ, విరహం, చిరునవ్వు. పని అంతా మోకాలి కింద.

టెస్సాకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

మొదట కాలి ముందెముక దగ్గర నొప్పిగా మొదలైంది. ఆటగాళ్లకు అది మామూలే, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పోను పోను సాధన మొదలైన కాసేపటికే కాళ్లు బిగుసుకుపోవడం ఎక్కువైంది. దాని పేరు క్రానిక్ ఎగ్జర్షనల్ కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. మోకాలి కింద కండరాలు నాలుగు అరలుగా ఉంటాయి. ఒక్కో అరకూ చుట్టూ గట్టి పొర ఉంటుంది. పని చేసేటప్పుడు కండరంలోకి రక్తం వచ్చి అది ఉబ్బుతుంది. ఈ జబ్బున్నవాళ్లలో ఆ పొర తగినంత సాగదు. లోపల ఒత్తిడి పెరిగి, రక్తం సరిగా ఆడక, నొప్పి రేగుతుంది. ఒక్కోసారి పాదం మొద్దుబారిపోతుంది. విశ్రాంతి తీసుకుంటే తగ్గిపోతుంది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. ఎక్స్‌రేలో ఏమీ కనపడదు. కండరంలోకి సూది గుచ్చి, కసరత్తుకు ముందూ తర్వాతా ఒత్తిడి కొలిస్తేగానీ తేలదు. డాక్టరు బల్ల మీద పడుకున్న కాలు బాగానే ఉంటుంది కాబట్టి ఈ రోగులకు నొప్పితో పాటు తమ మాట ఎవరైనా నమ్ముతారా అన్న దిగులు కూడా ఉంటుంది. ఆట మానుకోలేనివాళ్లకు మిగిలే దారి ఆపరేషన్. ఆ పొరను నిలువునా కోసి, కండరానికి చోటిస్తారు.

అలా 2008 అక్టోబరులో టెస్సా ఆపరేషన్ బల్ల ఎక్కింది. ఇక ఇటు ఇంటి దగ్గర ఆమె, అటు రింకులో ఇసుక మూటతో అతను.

ఎందుకు మాట్లాడుకోలేదు? నాకు అర్థమైనంతలో, వాళ్లకు మాట్లాడుకోవాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఏడేళ్ల పిల్ల, తొమ్మిదేళ్ల పిల్లాడు చేతులతోనే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. అతను వేళ్లు కాస్త నొక్కితే ఆమెకు అర్థమయ్యేది, ఆమె భుజం కాస్త వాలితే అతను సర్దుకునేవాడు. ఆ చేతులు విడిపోయిన రోజున నోటితో ఏం చెప్పాలో ఇద్దరికీ తోచలేదు. ఆటలో జంటగా ఉండడం వేరు, కష్టంలో ఒకరికొకరు ఉండడం వేరు. మొదటిది కోచ్‌లు నేర్పుతారు. రెండోది వాళ్లే నేర్చుకోవాల్సి వచ్చింది, దానికి ఏళ్లు పట్టింది.

డిసెంబరులో ఆమె మళ్లీ మంచు మీదికి వచ్చింది. 2009 జనవరిలో సాస్కటూన్‌లో జాతీయ టైటిల్ గెలిచారు. మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో ప్రపంచ కాంస్యం. లోకం దృష్టిలో టెస్సా కోలుకుంది. నిజానికి నొప్పి పూర్తిగా పోలేదు.

2010 ఫిబ్రవరి 22 రాత్రి, వాంకోవర్‌లోని పసిఫిక్ కొలీజియం. మాలర్ ఐదో సింఫనీలోని అడాజియెట్టో మొదలైంది. తీగ వాయిద్యాలూ హార్ప్ తప్ప మరేమీ వినపడని సంగీతం. ఇంత నెమ్మది పాటకు స్కేటింగ్ చేయడం చాలా కష్టం. వేగం ఉంటే తడబాటు కనపడదు, ఇక్కడ ప్రతి అంచూ చివరిదాకా పట్టి నిలపాలి. తెల్లటి దుస్తుల్లో ఉన్న ఆ ఇరవై ఏళ్ల అమ్మాయికి ఆ రోజుల్లో మామూలుగా నడవడం కూడా నొప్పేనని హాలులో ఉన్న వేలమందిలో ఎంతమందికి తెలుసు? ఫ్రీ డ్యాన్స్ అనే చివరి భాగానికి 110.42 మార్కులు, మొత్తం 221.57. స్వర్ణం. ఐస్ డ్యాన్స్‌లో ఉత్తర అమెరికాకు దక్కిన మొదటి ఒలింపిక్ స్వర్ణం అది. ఆ పతకం గెలిచినవాళ్లందరిలో చిన్న వయసువాళ్లు కూడా వీళ్లే. రజతం డేవిస్, వైట్‌లకు దక్కింది. మరుసటి నెల టురిన్‌లో ప్రపంచ టైటిల్ కూడా టెస్సా, స్కాట్‌ల చేతికే వచ్చింది.

మామూలుగా ఇలాంటి గాథ ఇక్కడే ముగుస్తుంది. నొప్పిని పంటి బిగువున భరించింది, గెలిచింది, చప్పట్లు. ఆ గెలుపు గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. కానీ నొప్పిని దాచిపెట్టి గెలిచినవాళ్ల కథలే మళ్లీ మళ్లీ చెప్పుకుంటూ పోతే, నొప్పి పుట్టినా నోరెత్తకూడదని చిన్నపిల్లలకు మనమే నేర్పినవాళ్లమవుతాం. టెస్సా కథలో నా గుండెకు హత్తుకున్న ఘట్టం వాంకోవర్‌ది కాదు.

2010 అక్టోబరులో రెండోసారి ఆపరేషన్ అయింది. ఈ జబ్బులో ఇది జరుగుతుంటుంది. కోసిన చోట మచ్చకట్టి, మళ్లీ బిగుసుకుని, నొప్పి తిరిగి వస్తుంది. ఒలింపిక్ ఛాంపియన్లు గ్రాండ్ ప్రి పోటీలన్నీ వదులుకున్నారు, జాతీయ పోటీలకూ వెళ్లలేదు. మళ్లీ కనిపించింది 2011 ఫిబ్రవరిలో, తైపేలో జరిగిన ఫోర్ కాంటినెంట్స్ పోటీలో. మొదటి భాగమైన షార్ట్ డ్యాన్స్‌లో వాళ్లదే మొదటి స్థానం. ఇంకొక్క నాట్యం సరిగా చేస్తే చాలు, బంగారం.

ఫ్రీ డ్యాన్స్ మొదలైంది. మధ్యలో టెస్సా ఎడమ తొడ కండరం బిగుసుకుపోయింది. ఈసారి పిక్క కాదు, తొడ. కొత్త చోటు, కొత్త భయం. సంగీతం సాగుతూనే ఉంది. ఆమె ఆగిపోయింది. స్కాట్ ఆగాడు. ఇద్దరూ పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆ క్షణం ఎంత బరువైనదో ఆలోచించండి. ఏడేళ్ల వయసు నుంచీ ఆమెకు నేర్పింది ఒక్కటే: పడినా లేచి నవ్వుతూ పాట అందుకో. నెలల తరబడి తన కోసం ఆగిన జోడీ పక్కనే ఉన్నాడు. మొదటి స్థానం చేతిలో ఉంది. న్యాయనిర్ణేతల ముందు, ప్రేక్షకుల ముందు, ఒలింపిక్ ఛాంపియన్ తన ఒంటి మాట విని ‘ఇక వద్దు’ అనుకుంది. కండరం తెగేదాకా లాగి ఉంటే తర్వాతి ఏడేళ్ల కథ ఉండేదో లేదో. ఆమె మొత్తం జీవితంలో అంతకన్నా ధైర్యమైన పని ఇంకోటి చేసిందని నేననుకోను.

రెండు నెలల తర్వాత మాస్కోలో ప్రపంచ రజతం. 2012లో నీస్‌లో ప్రపంచ స్వర్ణం. 2013 ఫిబ్రవరిలో ఒసాకాలో ‘కార్మెన్’ నాట్యం నడుస్తుండగా టెస్సాకు కాళ్లు పట్టేశాయి. మళ్లీ ఆగింది. ఈసారి కాసేపు తీసుకుని, మిగతా నాట్యం పూర్తి చేసి రజతం తెచ్చుకున్నారు. ఎప్పుడు తప్పుకోవాలో, ఎప్పుడు ఊపిరి తీసుకుని కొనసాగించాలో ఆమెకు తెలిసివచ్చింది. 2014లో సోచిలో ఒలింపిక్ రజతం. స్వర్ణం ఈసారి డేవిస్, వైట్‌లది. ఆ తర్వాత రెండు సీజన్లు పోటీలకు దూరం.

2016లో తిరిగి వచ్చినప్పుడు వాళ్లు ఎంచుకున్న గురువులను చూడండి. మాంట్రియల్‌లోని మారీ ఫ్రాన్స్ డుబ్రోయ్, పాట్రిస్ లోజోన్ దంపతులు. 2006 టురిన్ ఒలింపిక్స్‌లో, ఫ్రీ డ్యాన్స్‌కు ముందు భాగమైన ఒరిజినల్ డ్యాన్స్ ముగిసే చోట లిఫ్ట్‌లో పట్టు జారి డుబ్రోయ్ మంచు మీద పడింది. తుంటికి గట్టి దెబ్బ. భర్త కాబోయే లోజోన్ ఆమెను చేతుల మీద ఎత్తుకుని రింకు దాటించాడు. ఫ్రీ డ్యాన్స్ నుంచి తప్పుకున్నారు. ఒలింపిక్స్ పోయింది. నెల తర్వాత క్యాల్గరీలో ప్రపంచ రజతం గెలిచారు. ఆటలో దెబ్బ తిని ఆగడమంటే ఏమిటో ఒంటి మీద తెలిసిన మనిషి ఇప్పుడు టెస్సా ముందు కోచ్‌గా నిలబడింది.

ఆ సీజన్‌లో వాళ్లు ఓడిపోలేదు. 2017లో హెల్సింకీలో ప్రపంచ టైటిల్.

2018 ఫిబ్రవరి 20, దక్షిణ కొరియా. ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. అప్పటికే టీమ్ పోటీలో స్వర్ణం వచ్చింది. టెస్సాకు ఇరవై ఎనిమిదేళ్లు, స్కాట్‌కు ముప్ఫై. ఎదురుగా ఫ్రెంచ్ జంట గాబ్రియెలా పపడాకిస్, గియోమ్ సిజెరాన్. వాళ్లూ మాంట్రియల్‌లో అదే గురువుల శిష్యులు. ముందురోజు షార్ట్ డ్యాన్స్‌లో పపడాకిస్ డ్రెస్సు మెడ దగ్గర ఊడిపోయింది, ఆ అమ్మాయి అలాగే పూర్తిచేసింది. ఫ్రీ డ్యాన్స్‌లో ఫ్రెంచ్ జంటకు 123.35 మార్కులు వచ్చాయి. ‘మూలాన్ రూజ్’ సంగీతానికి టెస్సా, స్కాట్‌లకు 122.40. ఆ రోజు మార్కులు మాత్రమే చూస్తే రెండో స్థానమే. షార్ట్ డ్యాన్స్‌లో సాధించిన 83.67 ఆదుకుంది. మొత్తం 206.07. తేడా 0.79. బంగారం.

మూడు స్వర్ణాలు, రెండు రజతాలు కలిపి అయిదు ఒలింపిక్ పతకాలు. ఫిగర్ స్కేటింగ్‌లో అప్పటిదాకా అన్ని పతకాలు ఎవరికీ లేవు. 2019 సెప్టెంబరులో ఇద్దరూ కలిసే వీడ్కోలు ప్రకటించారు. కారల్ మోయిర్ వాళ్ల చేతులు కలిపి అప్పటికి ఇరవై రెండేళ్లు.