ఆ రోజు సముద్రంలో పోయినవాళ్ళు

'జపానోడు వైజాగ్ మీద బాంబులేశాడు' అన్న కథ కోస్తా జిల్లాలవాళ్ళు ఎవరో ఒక పెద్దాయన నోట వినే ఉంటారు. 1942 ఏప్రిల్ 6. కాకినాడ మీద కూడా వేశారు. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళొదిలి పోయారు. నేనూ అంతవరకే విన్నా. ఆ రోజు సముద్రంలో ఏం జరిగిందో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

అప్పటికి రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. కలకత్తా రేవులో ఓడలుంటే ప్రమాదమని బయటకి పంపేశారు, కాపలాగా యుద్ధనౌకలు లేకుండానే. బంగాళాఖాతంలోకి వచ్చిన ఒజావా దళానికి అవి తేలిగ్గా దొరికిపోయాయి. ఒకటి రెండు రోజుల్లో ఆంధ్ర, ఒరిస్సా తీరాల్లో దాదాపు 20 సరుకు ఓడలు మునిగాయి. బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు మాల్డా, ఇండోరా వాటిలోవే.

ఇలాంటి బ్రిటిష్ ఓడల్లో కింది పనివాళ్ళు ఎక్కువగా మనదేశంవాళ్ళే. లస్కర్లు అనేవారు. యుద్ధం ముందు బ్రిటిష్ వర్తక నౌకల సిబ్బందిలో ప్రతి నలుగురిలో ఒకడు లస్కరే. జీతం చూస్తే తెల్లవాడి జీతంలో మూడో వంతో నాలుగో వంతో! 1939లో యుద్ధం మొదలవగానే వీళ్ళు జీతాలు పెంచమని సమ్మె చేస్తే కొంతమందిని జైల్లో పెట్టారు. బాయిలర్లకి బొగ్గు వేసేవాళ్ళు ఓడ అడుగున ఉంటారు. అక్కడ దెబ్బ తగిలితే పైకొచ్చే టైము ఎక్కడిది?

లండన్లో టవర్ హిల్ దగ్గర వర్తక నావికుల స్మారకం ఉంది. ఆన్‌సైట్లో ఉన్నప్పుడు ఒకసారి లంచ్ టైములో వెళ్ళా. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ళవే దాదాపు 24,000 పేర్లు, ఏ ఓడవాళ్ళు ఆ ఓడ కింద, కంచు పలకల మీద. లస్కర్ల కోసం వెతికా, కనపడలేదు. తర్వాత తెలిసిందేంటంటే, వాళ్ళ పేర్లు రాసింది ఒక పుస్తకంలోనట! 6,000 మందికి పైనే. ఒక ప్రతి ముంబైలో ఇండియన్ సెయిలర్స్ హోమ్‌కి, ఇంకోటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానానికి. ఒకే ఓడ, ఒకే నీళ్ళు, ఒకే రోజు చావు. అధికారి పేరు కంచు మీద, బొగ్గు వేసినవాడి పేరు కాగితం మీద.

తెల్లోళ్ళని తిట్టి ఊరుకోవచ్చు, సులువే. కానీ మనం చేసిందేంటి? ఈ లస్కర్లలో ఎక్కువమంది సిల్హెట్, నోవాఖలీ, చిట్టగాంగ్, రత్నగిరి వైపువాళ్ళు. తెలుగువాళ్ళు తక్కువే. అందుకేనేమో, ఒడ్డున పడ్డ నాలుగు బాంబులు మన కథ అయ్యాయి, మన నీళ్ళలో పోయినవాళ్ళు కాలేదు.

ఆ పేర్లు ఇప్పుడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ సైట్లో దొరుకుతాయి. తేదీ దగ్గర 6 ఏప్రిల్ 1942 అని కొట్టి చూడండి. ఈసారి ఆర్కే బీచ్‌లో కూర్చున్నప్పుడు వాటిలో ఒక్క పేరన్నా గుర్తుంటే చాలు.