పుణ్యపు పద్దు పుస్తకము

పరీక్షలో తప్పినవాడు మొట్టమొదట తన్ను తానడుగుకొను ప్రశ్న “నాకేమి తక్కువ?” అనునది. ఈ ప్రశ్నతో చీనాదేశీయులు గడపినంత దీర్ఘకాలము మఱియే జాతియు గడపలేదేమో. ఏలయన, వ్రాతపరీక్షలనుబట్టి రాజోద్యోగము లిచ్చు పద్ధతిని వారు సుయి వంశపు ఏలుబడిలో ఆరంభించి, నడుమ నడుమ విరామము లున్నను, 1905 వఱకు దాదాపు 1300 సంవత్సరములు నడపిరి.

జిల్లాపరీక్షలలో నెగ్గినవారు మూడేండ్ల కొకసారి శరత్కాలమున రాష్ట్రపరీక్షకు పోవలెను. నాన్‌జింగ్ నగరమందలి పరీక్షాప్రాంగణమున చింగ్ వంశపు చివరికాలమునాటికి 20,000కు మించిన గదులుండెను. గది యనుట మర్యాదకే! మూడువైపుల ఇటుకగోడయు, రెండు చెక్కపలకలును మాత్రమే; పగటివేళ ఒక పలక పీఠము, రెండవది బల్ల, రాత్రి రెండును కలిపిన పడక. అన్నము, కొవ్వొత్తులు, సిరా, దుప్పటి మోసికొని వచ్చి, ద్వారమున ఒడలెల్ల సోదా చేయించుకొని, విద్యార్థి అందు ప్రవేశించెడివాడు. చేవ్రాతనుబట్టి మనిషిని గుర్తింపకుండుటకై, వ్రాయసకాండ్రు ప్రతి సమాధానమును ఎఱ్ఱసిరాతో తిరుగవ్రాసి, పేరు మూసిపెట్టి పరీక్షకుల కందించుచుండిరి. జనసంఖ్య పెరుగుచున్నను ఉత్తీర్ణుల సంఖ్య శాసనబద్ధమై అంతగా పెరుగకపోవుటచే, నెగ్గువారు నూటికి ఒకరిద్దఱు.

ఈ నిష్పాక్షికతయే, నా తలంపున, ఓటమిని దుర్భర మొనర్చినది. సిఫారసులు నడచుచోట తప్పినవాడు దొరలను తిట్టి ఊరడిల్లవచ్చును. తన పేరైన నెఱుగని పరీక్షకుడు త్రోసిపుచ్చినప్పుడు నిందించుకొనుటకు తాను తప్ప వేఱెవ్వరు మిగులుదురు? అందువలననే కాబోలు, ఆ బరువును దింపుకొనుటకు వారు విధిని ఆశ్రయించిరి. పూర్వము అపకారమునకు గుఱియైనవారు ప్రేతరూపమున పరీక్షాప్రాంగణమునకు వచ్చి కలము తప్పింతురనియు, ఉపకారము పొందినవారు వచ్చి తోడ్పడుదురనియు కథలు పుట్టినవి. నవీనులు వీనిని మౌఢ్యమని నవ్వుదురు గాక! “గ్రహచారము బాగులేదు నాయనా, నీ తప్పేమున్నది?” అని మనుమని వీపు నిమురు మన ముసలమ్మ చేయు చికిత్సయు ఇట్టిదే.

విధియందలి విశ్వాసమునకు విచిత్రమైన మలుపు త్రిప్పినవాడు మింగ్ వంశకాలమున 1533లో జన్మించిన యువాన్ హువాంగ్. బాల్యమున ఒక జ్యోతిష్కుడు అతనికి మూడు తొలి పరీక్షలలో వరుసగా 14వ, 71వ, 9వ స్థానములు లభించునని చెప్పగా, అక్షరాల అట్లే జరిగినది. ఉన్నతపట్టము, పుత్రసంతానము లేవనియు, ఆయువు 53 ఏండ్లే యనియు కూడ అతడు చెప్పియుండుటచే, యువాన్ ఇక దేనిని కోరుటయే మానుకొనెను. 1569లో యుంగు అను బౌద్ధభిక్షువు కడ మూడుదినములు నిశ్చలుడై కూర్చుండగా, భిక్షువు మొదట అతనిని మహాపురుషు డనుకొని, అది నిస్పృహయే యని తెలిసికొని నవ్వి, ఉత్తీర్ణతకు తాను తగుదునో కాదో ఆత్మపరీక్ష చేసికొమ్మనెను. తన అసహనమును, సంకుచితత్వమును, వాచాలతను యువాన్ ఒక్కొక్కటిగా ఒప్పుకొనెను. పిమ్మట 3000 సత్కార్యములు చేయుదునని ప్రతిన పూని, మంచిచెడ్డలను ఏనాటికానాడు పద్దు వ్రాయసాగెను. అక్షరములు రాని అతని భార్య బాతు ఈకకాడను ఎఱ్ఱరంగులో ముంచి పంచాంగముపై సున్న యొకటి అద్దుచుండెనట! మరుసటి యేట రాష్ట్రపరీక్షలో నెగ్గెను, 1586లో అత్యున్నత పట్టమును పొందెను, కుమారుడును కలిగెను, జ్యోతిష్కుని గడువు దాటి డెబ్బదిమూడేండ్లు జీవించెను.

పుణ్యమును వడ్డీలెక్కవలె కూడుట నాకు రుచింపదు. కాని పరీక్షాఫలము పరుల చేతిలోనిది, ఆనాటి పద్దు తన చేతిలోనిది. నిస్పృహతో కూర్చుండినవానిని లేపినది, అతడేమి నమ్మినను, ఈ రెండవదియే యనుకొందును.

అందఱును పద్దులతో తృప్తిపడలేదు. షాన్‌దోంగ్ నివాసి పు సోంగ్‌లింగ్ 1658లో తొలి పరీక్షలన్నిట ప్రథముడై, రాష్ట్రపరీక్షలో మాత్రము వార్ధక్యమువఱకు తప్పుచు, పరుల పిల్లలకు చదువు చెప్పుకొని బ్రతికెను. లోపము తనయందు గాక పరీక్షకుల గ్రుడ్డితనమునందే కలదని అతని కథలనేకము ఘోషించును; ఒకదానియందు పరీక్షార్థి అవస్థలను ఏడింటితో పోల్చి నవ్వించి ఏడ్పించెను. 1711లో, ముదిమిని మన్నించియే యన్నట్లు, చిన్న గౌరవపట్ట మొకటి వచ్చెను. హోంగ్ షియుచ్వాన్ మార్గము వేఱు. కాంటన్‌లో మూడవమారు తప్పి 1837లో జబ్బుపడి దివ్యదర్శనములు పొంది, 1843లో నాలుగవమారు తప్పినపిమ్మట తాను క్రీస్తునకు తమ్ముడనని నిశ్చయించుకొని, కోట్లకొలది ప్రాణములను బలిగొన్న తైపింగ్ విప్లవమునకు నాయకుడయ్యెను. నాన్‌జింగ్‌ను రాజధానిగా చేసికొన్నపిదప అతని ప్రభుత్వము వెంటనే స్థాపించినవానిలో సొంత పరీక్షలు కూడ ఉండుట గమనింపదగినది!

1905 సెప్టెంబరులో చక్రవర్తి శాసనముచే పరీక్షలు రద్దయ్యెను. షాన్‌సీ రాష్ట్రమున లియు దాపెంగ్ అను ఉపాధ్యాయు డుండెను. అతడు 1894లో రాష్ట్రపరీక్షయందు నెగ్గినను, రాజధానిలో జరుగు పైపరీక్షలో మఱల మఱల తప్పినవాడు. బంధవిముక్తుడైతినని అతడు సంతసించియుండునని తలంతుము. కాని అతని దినచర్యలో కనబడునది దుఃఖమే. తన్ను తక్కువవానిగా తేల్చిన ఆ కొలబద్దయే తన చదువునకు విలువ కట్టిన కొలబద్దయు నగుటచే, అది విఱిగినపుడు పాత సందేహము తీరక క్రొత్తది చేరెను. పంతులుపని సన్నగిల్లగా అతడు బొగ్గుగనులను, పొలమును చూచుకొనుచు, 1942లో మరణించువఱకు ఆ దినచర్యను విడువకుండ వ్రాయుచుండెను.