ఉస్మానియా ఆసుపత్రి: సున్నం, సిమెంటు, నీరు

విద్యార్థులారా, 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని కూల్చివేసింది. తరువాత ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి రూపకల్పనతో, ఆ నది ఒడ్డునే ఉస్మానియా ఆసుపత్రి వెలసింది.

ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు, పైన గుమ్మటాలు. గోడల కట్టుబడికి వాడింది సున్నం. సున్నంలో సన్నని రంధ్రాలుంటాయి. గోడకు పట్టిన తేమ వాటి గుండా ఆవిరైపోతుంది. అలాంటి గోడపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులు ఊడతాయి. మరమ్మతు పేరుతో గోడను పాడుచేసినట్లే! కప్పుపై మొలిచిన రావిమొక్క, కారుతున్న మురుగు గొట్టం కూడా చిన్న విషయాలు కావు.

2020 జులైలో వాన నీరు, మురుగు వార్డుల్లోకి చేరాయి. ఆ నెలలోనే పాత భవనాన్ని ఖాళీ చేయించి, రోగులను పక్క భవనాల్లో సర్దారు. ఇరుకు పెరిగింది. కూల్చాలా, నిలపాలా అన్న వివాదం హైకోర్టుకెక్కింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

నేటి శస్త్రచికిత్స గదులకు, ఆక్సిజన్ గొట్టాలకు కొత్త భవనం అవసరమే. పాతదానిని బాగుచేసి తేలికపాటి సేవలకు వాడుకోవచ్చునని నా అభిప్రాయం. అయితే గుమ్మటాల కంటే ముందు మురుగు కాలువలు, వాన నీటి గొట్టాలు చక్కబరచాలి. పూతకు మళ్ళీ సున్నమే వాడాలి.