బొంబాయి నగరమున ఇల్లు, బడి, అప్పు

బొంబాయి మహానగరమునకు మన తెలుగువారు వలస వచ్చి రెండు శతాబ్దములు దాటినది. నైజాము ఇలాకా నుండి తాపీపనికి, రాతిపనికి వచ్చిన కామాఠీల పేరనే కామాఠీపుర వెలసినది. బట్టల మిల్లులు పెరిగినకొలది తెలంగాణము నుండి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ పేటలలో కుదురుకొనిరి. ఈ సంగతి చదువరు లెరిగినదే. అయితే మన పెద్దలు తలదాచుకొన్న గది ఏ సొమ్ముతో కట్టబడినది, వారి పిల్లలు అక్షరములు దిద్దిన మునిసిపల్ బడి ఏ సొమ్ముతో నడచినది అను విషయమును మన మంతగా విచారింపలేదు. ఆ రెండు సొమ్ములును వేరు. ఆ భేదము మన కుటుంబముల బ్రతుకులను తీర్చిన దని నా యభిప్రాయము.

1896వ సంవత్సరము సెప్టెంబరులో మాండ్వీ పేటలో ప్లేగు బయటపడెను. జనము వేలకొలది నగరము విడిచి పోయిరి. మిల్లులు కూలీలు లేక కుంటుపడెను. వ్యాధికి మూలము ఇరుకు సందులు, గాలి చొరని గదులు అని ప్రభుత్వము తలచి, 1898లో శాసనము చేసి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును నెలకొల్పెను. ప్రభుత్వమును, మునిసిపాలిటీయు తమ ఖాళీ స్థలములను ట్రస్టు వశము చేసినవి. ట్రస్టు డిబెంచరులు, అనగా ఋణపత్రములు, అమ్మి ధనము కూర్చుకొనెను. వడ్డీకి, అసలుకు లోటు రాకుండుటకై మునిసిపాలిటీ తన పన్నుల రాబడిలో కొంతభాగము ఏటేట చెల్లింపవలెనని నియమము. పేదవాని బడికి ఖర్చు కావలసినదియు ఆ పన్నుల రాబడియే సుమా!

ట్రస్టు చేపట్టిన మొదటి పథకము నాగపాడా. అది కామాఠీపురకు పొరుగు. పాత కొంపలు ముందు కూలినవి. క్రొత్త చాళ్లు తీరికగా లేచినవి. ఇల్లు పోయినవాడు ప్రక్క సందులోని గదిలో మరి నలుగురితో ఇరుకుకొనెను. 1911 జనాభా లెక్కలనాటికి కూడ నగరవాసులలో నూటికి 60 మందికి పైగా ఒంటిగది యిండ్లలోనే యుండిరి.

బడి సంగతి చూతము. 1882లో హంటర్ కమిషను ఎదుట జ్యోతిరావు ఫూలే మహాశయుడు విన్నపము సమర్పించుచు, శ్రమజీవులు చెల్లించు పన్నులతో పైతరగతులవారి ఉన్నత విద్య పోషింపబడుచున్న దనియు, ప్రాథమిక విద్యకు న్యాయమైన పాలు రావలె ననియు వాదించెను. ఆయన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలచినవారిలో వెంకు బాలోజీ కాలేవార్, జాయా కారాడీ లింగు మొదలైన తెలుగు కంట్రాక్టరు లుండి రని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును. నగరము కట్టిన చేతులు తమ పిల్లలకు పలక కావలె నని ఆనాడే కోరినవి.

ఆ కోరిక చట్టమగుటకు చాలకాలము పట్టెను. విఠల్‌భాయి పటేలు చొరవతో 1918లో బొంబాయి రాజధానిలోని పురపాలక సంఘములకు నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టు అధికారము లభించెను. బొంబాయి నగరమునకు వేరుగా 1920లో చట్టమైనది. 1925లో కార్పొరేషను ఎఫ్, జి వార్డులలో నిర్బంధ విద్యను ఆరంభించెను. ఇవి పరేల్, నాయ్‌గావ్, శివ్డీ, వర్లీ చేరిన మిల్లు పేటలు. సరిగా మనవారి పేటలు.

చిత్రమేమన, ఇండ్ల పథకము కూడ ఆ పేటలకే వచ్చెను. గవర్నరు సర్ జార్జి లాయిడు 1920లో డెవలప్‌మెంటు డిపార్టుమెంటును స్థాపించి, నూటికి ఆరున్నర వడ్డీపై అప్పు తీసెను. కూలీలకు 50,000 ఒంటిగది యిండ్లు కట్టుట ఒక పని. బ్యాక్‌బే సముద్రమును పూడ్చి భూమి చేయుట మరియొక పని. గది అసలు ఖర్చుకు తగిన అద్దెను కూలివాడు ఇచ్చుకొనలేడు గనుక, ఆ లోటు పూడ్చుటకు నగరములోనికి వచ్చు ప్రత్తి బేలు ఒక్కింటికి ఒక రూపాయి చొప్పున సుంకము విధించిరి. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డున 32, శివ్డీలో 12, వెరసి 207 చాళ్లు లేచినవి. అంతస్తునకు 20 గదులు, నాలుగు అంతస్తులు, గది సుమారు 160 చదరపు అడుగులు. ఏబదివేల మాట పదునారువేల చిల్లరతో ఆగిపోయినది.

కట్టిన గదులైనను నిండెనా? లేదు. వర్లీ చాళ్లలో చాల గదులు సంవత్సరముల తరబడి ఖాళీగా పడియుండెను. 1930 ప్రాంతమున శాసనోల్లంఘన ఉద్యమములో పట్టుబడిన సత్యాగ్రహులను ఉంచుటకు ఆ గదులను తాత్కాలిక కారాగారముగ వాడిరి. కూలివాని కొరకు అప్పు తెచ్చి కట్టిన యింట కూలివాడు లేడు, ఖైదీ యున్నాడు! బ్యాక్‌బే కథ మరింత ఘోరము. దాని గుట్టు రట్టు చేసిన కె. ఎఫ్. నారిమన్ గారిపై పరువునష్టపు దావా నడచి, తుదకు ఆయన నిర్దోషిగా వెలువడెను.

ఇప్పుడు రెండు పద్దులను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. ఉద్యోగకాల మంతయు జమాఖర్చు పుస్తకముల నడుమ గడపినవాడను గనుక నాకు ఈ వాడుక పోలేదు. ఇల్లు కట్టుటకు అప్పు పుట్టును, ఏలన ఇంటికి అద్దె వచ్చును; అద్దె చూపి వడ్డీ చెల్లింతు మని ఋణదాతను నమ్మింపవచ్చును. బడికి అద్దె రాదు. అందుచేత బడి ఎల్లప్పుడు ఆ సంవత్సరపు పన్నులపై, ఆ సంవత్సరపు సభ్యుల దయపై ఆధారపడెను. ఒకే వార్డులో ఒకవైపు సర్కారు అప్పుతో కట్టిన కాంక్రీటు చాళ్లు ఖాళీగా నిలచియుండగా, మరియొకవైపు మునిసిపల్ బడులు పెక్కు అద్దె కొంపలలో నడచినవి. ఇల్లు కట్టినది ప్రభుత్వ శాఖ; బడి నడపినది కార్పొరేషను. ఈ రెంటిని ఒక్క బల్లపై పెట్టి, ఈ పేటకు ఏది ముందు, ఏది ఎంత అని తూచినవారు కానరారు. ఇల్లు ముందా, బడి ముందా అని నేడు వాదించువారికి నా మనవి ఒక్కటే: బొంబాయిలో ఆ వాదమే సరిగా జరుగలేదు. అప్పు పుట్టినచోటికి సొమ్ము పోయినది.

అయినను ఆ చాళ్లు వ్యర్థము కాలేదు. తరువాతి దశాబ్దములలో అవి నిండి పొర్లినవి. కార్పొరేషను మరాఠీ, గుజరాతీ, ఉర్దూ బడులతో బాటు తెలుగు బడులను కూడ నడపినది; వాటికి పిల్లలు వచ్చినది నడచిపోగల దూరములో మన గదు లుండుటచేతనే. గది తొలగిన బడి తొలగును. 1982లో ఆరంభమైన మిల్లు సమ్మె తరువాత మనవారు భివండీకి, కల్యాణుకు, ఇంకను దూరమునకు చెదరిపోగా, తెలుగు తరగతులలో బల్లలు ఖాళీయైనవి. ఆంగ్ల మాధ్యమముపై మోజు కూడ కారణమే గాని, అదొక్కటే కారణ మనుట నేనొప్పను.

2025 ఆగస్టులో వర్లీ చాళ్ల స్థానమున లేచిన క్రొత్త మేడలలో మొదటి 556 ఇండ్ల తాళములు పాత కాపురస్థులకు ఇచ్చిరి. ఒక్కొక్క యిల్లు 500 చదరపు అడుగులు. అద్దె గది సొంత యిల్లైనది. వర్లీలోని మిగిలిన చాళ్లవారికి కూడ అట్లే ఇచ్చుటకు నిర్ణయమైనది. అక్కడ మిగిలిన తెలుగు కుటుంబము లెన్ని, వారిలో బడి యీడు పిల్లలెందరు, తెలుగు చదువ గోరువారెందరు అను పట్టీని మన సంఘములవారు ఇంటింట తిరిగి ఈ సంవత్సరమే వ్రాయవలెను. కార్పొరేషను ఎదుట తరగతి నడుపు డని అడుగుటకు పోవునపుడు చేతిలో ఆ కాగితము ఉండవలెను గదా!