జలావతన్‌లో దొరికిన జుబాన్

డిగ్రీలో తెలుగు తీసుకున్న మొదటి నెలలోనే క్లాసులో లేచి పద్యం చదవాల్సి వచ్చింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. 'ణ' దగ్గర, 'ళ' దగ్గర నాలుక తిరగలేదు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి "ఇది మన జుబాన్ కాదమ్మీ, మానేస్తా" అన్నాను. "సబర్ కర్ బేటా, నేర్చుకుంటే ఏ జుబానైనా మనదే" అంది.

ఆ రోజుల్లోనే తెలుగు సాహిత్య చరిత్రలో ఒక పేరు తగిలింది: మల్కిభరాముడు. ఎవరబ్బా అని చూస్తే, మన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా!

ఆయన తారీఖ్ నాకామీతోనే మొదలైంది. 1543లో తండ్రి సుల్తాన్ కులీ ఖత్ల్ అయ్యాడు. దాని వెనక ఉన్నది సొంత కొడుకు జంషీదే. పెద్దన్న కళ్లు పోయాయి. ఇబ్రహీం జాన్ కాపాడుకోవడానికి మొదట బీదర్‌కు, అక్కడి నుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు పనాహ్ ఇచ్చాడు. సల్తనత్ లేదు, ఫౌజ్ లేదు, పరాయి దర్బారులో మెహమాన్‌గా దాదాపు ఏడేళ్లు. మాయూసీలో కూరుకుపోవడానికి అంతకన్నా ఏం కావాలి? ఆయన మాత్రం ఆ ఏళ్లలో తెలుగు కవిత్వానికి దగ్గరయ్యాడు.

1550లో జంషీద్ పోయాక ఇబ్రహీం తిరిగొచ్చి తఖ్త్ ఎక్కాడు, ముప్పై ఏళ్లు ఏలాడు. హుస్సేన్‌సాగర్, 1578 నాటి పురానాపూల్ ఆయన కాలానివే. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నిగంటి తెలగన్న 'యయాతి చరిత్ర' అందుకున్నది ఆయన అమీరు, పటాన్‌చెరు అమీన్ ఖాన్. సంస్కృతం కలవని మొదటి అచ్చ తెలుగు కావ్యం ఒక ఖాన్ సాబ్ చేతికి చేరింది! ఈ ముచ్చట నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు.

ఇబ్రహీంని ఫరిష్తా అనను. 1565లో మిగతా సుల్తానులతో కలిసి, పనాహ్ ఇచ్చిన రామరాయల మీదికే ఫౌజ్ నడిపాడు. ఆ జంగ్‌లోనే రామరాయలు హతమయ్యాడు. సియాసత్ దోస్తీని మింగేసింది. కానీ కష్టకాలంలో దొరికిన జుబాన్‌ను మాత్రం ఇబ్రహీం వదల్లేదు. తెలుగు కవులు ఆయన దర్బారుకు వస్తూనే ఉన్నారు.

నేనూ మానలేదు. ఆ జుబాన్‌తోనే ఇప్పుడు వార్తలు రాసి ఇల్లు నడుపుతున్నా. 'ణ' మాత్రం ఇంకా అప్పుడప్పుడు సతాయిస్తుంది. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వేస్తా. మల్కిభరాముణ్ణి కూడా మొదట్లో ఎవరో నవ్వే ఉంటారు.