చిన్నోళ్ల లాగులు: మా భివండీ చరిత్రలో ఒక ముక్క

భివండీ చరిత్ర రాయమంటే అందరూ సాంచాల గురించే రాస్తారు. సాంచాలు అంటే మరమగ్గాలు. ఎన్ని సాంచాలు, ఎన్ని మీటర్ల బట్ట, ఎన్ని గోడౌన్లు, ఇదే ఉంటుంది. నేను మాత్రం లాగు గురించి రాస్తున్నాను. లాగు అంటే చిన్నపిల్లలు తొడుక్కునే నిక్కరు. మా సిరిసిల్ల వైపు లాగు అంటారు, మరాఠీలో చడ్డీ అంటారు, బడిలో హాఫ్ ప్యాంటు అంటాం. ఊరంతా బట్ట నేస్తుంటే ఆ నేసేవాళ్ల పిల్లలు ఏం తొడుక్కున్నారు అనేది కూడా చరిత్రే కదా అని నా అభిప్రాయం.

ముందు మనవాళ్లు ఇక్కడికి ఎట్లా వచ్చారో కొంచెం చెప్పాలి. బొంబాయిలో మొదటి బట్టల మిల్లు 1854లో మొదలైంది. మిల్లు బట్ట చవక. అది ఊళ్లలోకి వచ్చేకొద్దీ చేతిమగ్గం మీద బతికే పద్మశాలీలకు పని తగ్గింది. నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు వైపుల నుంచి చాలామంది సోలాపూర్, బొంబాయి, భివండీ దారి పట్టారు. అంతకు ముందే ఇళ్లు కట్టే పనికి వచ్చిన మన తెలుగు కామాఠీల పేరు మీదనే ముంబైలో కామాఠీపుర ఉంది. మా తాత సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి 1970లలో భివండీ వచ్చి పద్మానగర్‌లో దిగాడు. 1978లో బాపమ్మ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. సాంచా మీద రోజుకు 12 గంటలు నిలబడి నేసిన మనిషికి ఆ బట్టలో ఒక్క మూర కూడా సొంతం కాదు. తానులు తానులుగా చుట్టి సేటు లెక్కలోకి పోతుంది. మీటరుకు ఇంత అని కూలి. బట్టలో పోగు తెగితే, మరక పడితే డ్యామేజీ కింద కూలిలో కోత. పైగా అది గ్రే క్లాత్, అంటే రంగు, సాఫు ఏమీ లేని బట్ట. రంగు వేయడం వేరే చోట జరుగుతుంది. అందుకే మా ఇంట్లో కొత్త బట్ట అంటే దసరాకు మాత్రమే. మిగతా సంవత్సరమంతా పిల్లల ఒంటి మీద ఉండేది పెద్దవాళ్ల పాత బట్టే. తాత లుంగీ చిరిగితే లాగు అయ్యేది, లాగు చిరిగితే బొంతలో అతుకు అయ్యేది, బొంతకు కూడా పనికిరాకపోతే మసిగుడ్డ. (మరాఠీవాళ్లు బొంతను గోధడీ అంటారు, వాళ్ల ఇళ్లలో కూడా ఇదే వరుస.)

బాపమ్మ దగ్గర ఒక బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. దాంట్లో బిస్కెట్లు లేవు, పేపరు కటింగులు ఉన్నాయి. కటింగు అంటే లాగు ఆకారంలో కత్తిరించిన న్యూస్ పేపరు. బట్ట మీద పరిచి చుట్టూ సుద్దతో గీసి కత్తిరిస్తే కొలత తప్పదు. బాపమ్మకు అంకెలు రాయడం రాదు, కాబట్టి ఒక్కో కటింగు మీద చుక్కలు పెట్టింది. మూడు చుక్కలంటే మూడేళ్ల పిల్లవాడికి, ఐదు చుక్కలంటే ఐదేళ్లవాడికి.

ఐదు చుక్కల కటింగు ఒక మరాఠీ పేపరుది. దాని మీద సగం తెగిన పెద్ద అక్షరాల్లో గిరణీ కామగారుల సంపు అని ఉంది, అంటే మిల్లు కార్మికుల సమ్మె. తేదీ ఉన్న ముక్క తెగిపోయింది. మా చరిత్ర సారుకు చూపిస్తే, తేదీ లేకపోతే లోపలి వార్తను బట్టి కాలం కట్టాలి, తర్వాత మనుషుల జ్ఞాపకంతో పోల్చాలి అన్నారు. బొంబాయి మిల్లుల పెద్ద సమ్మె 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైంది. దాదాపు 2.5 లక్షల మంది పని ఆపేశారు. బాపమ్మను అడిగితే, "మా బావగారి పిల్లలు మిల్లు బందయిన ఏడు వానలల్ల మనింటికొచ్చిన్రు బిడ్డా, వాళ్లకే కోసిన" అన్నది. రెండూ సరిపోయాయి. అంటే ఆ కాగితం వయసు నా వయసుకు రెండింతల కన్నా ఎక్కువ.

బావగారంటే మా పెద్దతాత. లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో పనిచేసేవాడు. మిల్లు ఉద్యోగం అంటే అప్పట్లో పెద్ద మర్యాద. నెల జీతం, సెలవులు, పీఎఫ్. భివండీ సాంచాల మీద ఇవేవీ ఉండవు. సమ్మె నెలలకు నెలలు సాగేసరికి ఆయన పెద్దమ్మను, ఇద్దరు పిల్లలను తీసుకుని మా ఒక్క గదిలోకి వచ్చాడు. కొన్నాళ్లకు తాతతో పాటు రాత్రి షిఫ్టుకు సాంచా మీదికి పోయాడు. ఇక్కడ నాకు ఒక సంగతి మనసులో ముల్లులా ఉంది. మిల్లులు ఆగినా బట్ట ఆగలేదు, ఎందుకంటే అది భివండీ లాంటి ఊళ్లలో నేయించారు. సమ్మె చేస్తున్నవాళ్లలో ఎందరో కడుపు కోసం ఇక్కడికే వచ్చి అదే బట్ట నేశారు. వాళ్ల చేతులతోనే వాళ్ల సమ్మె బలహీనమైంది. అది వాళ్ల తప్పు అని నేను అనను. పిల్లలు తినాలి కదా. ఆ సమ్మెను విరమిస్తున్నట్టు ఎవరూ ప్రకటించలేదు, కానీ చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. పెద్దతాత మళ్లీ మిల్లు గేటు దాటలేదు.

ఆయన మిల్లుకు తొడుక్కుని పోయే ప్యాంట్లు రెండు ఉండేవట. బెల్‌బాటమ్, కింద వెడల్పుగా. వర్షాలు పడుతుంటే పిల్లల లాగులు ఆరట్లేదని పెద్దమ్మ ఒక ప్యాంటు తెచ్చి బాపమ్మ ముందు పెట్టింది. బాపమ్మ కత్తెర పట్టుకుని ఆయన వైపు చూసిందట. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇంక దాంతోని ఏం పని, కొయ్యి" అని బయటికి పోయాడు. ఆ ఒక్క ప్యాంటులో ఐదేళ్లవాడికి ఒక లాగు వచ్చింది, పై భాగంలో చిన్నవాడైన మా బాపుకు ఇంకొకటి. బాపుకు అప్పుడు మూడేళ్లు.

ఇట్లాంటి కాగితం కటింగులు మన దేశంలో పుట్టినవి కావు. కుట్టు మిషనుకు అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు తీసుకున్నాడు, ఐజాక్ సింగర్ 1851లో తీసుకున్నాడు. మిషను ఇంట్లోకి వచ్చాక కుట్టడం తేలికైంది గానీ కత్తిరించడం దర్జీకే తెలుసు. 1863లో ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ రకరకాల సైజుల్లో కాగితం కటింగులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో అమ్మినవి ఎక్కువగా మగవాళ్లవి, మగపిల్లలవే. ఆడవాళ్ల గౌన్ల కటింగులు తర్వాత వచ్చాయి. అంటే లోకంలో కాగితం కటింగుల వ్యాపారం చిన్నపిల్లల బట్టలతో పెరిగిందన్నమాట! మన దేశంలో 1930లలో కలకత్తాలో ఉషా మిషను తయారీ మొదలైంది. గాంధీజీ యంత్రాల మీద అన్ని విమర్శలు చేసినా కుట్టు మిషనును మాత్రం మంచి యంత్రమని 1924లో ఒప్పుకున్నారు. బాపమ్మ మిషను సెకండ్ హ్యాండుది, చేత్తో తిప్పేది.

పాత బట్ట కుట్టుకోవడం బీదవాళ్ల పని అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో 1941 నుంచి 1949 దాకా బట్టలకు రేషను ఉండేది. పెద్దవాళ్ల పాత బట్టలను పిల్లలకు ఎట్లా కుట్టాలో 1943లో అక్కడి ప్రభుత్వమే పుస్తకం వేసి నేర్పింది. అదే 1943లో మన దగ్గర బట్ట ధర అందనంత పెరిగి ప్రభుత్వం కంట్రోలు ఆర్డరు తేవాల్సి వచ్చింది. మనవాళ్లకు మాత్రం ఎవరూ పుస్తకం వేయలేదు.

ఇక కుట్టడం. ఈ సెలవుల్లో బాపమ్మ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. ముందు బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. లుంగీ అయితే కూర్చునే చోట పలచబడి ఉంటుంది, అక్కడ కత్తెర పెట్టొద్దు. ప్యాంటు అయితే మోకాలు దగ్గర చూసుకోవాలి. ప్యాంటు కాలు లోపలి కుట్టు విప్పి పరిస్తే ఒక్క కాలికి ఒక్క ముక్క వస్తుంది. కింద మడత అట్లాగే ఉంచితే లాగుకు మళ్లీ మడత కుట్టే పని ఉండదు. కటింగులో వెనక భాగం ముందు భాగం కంటే ఒక అంగుళం ఎత్తు ఉండాలి, లేకపోతే పిల్లవాడు కూర్చున్నప్పుడు కిందికి జారుతుంది. చుట్టూ కుట్టుకు అరంగుళం, నడుము దగ్గర ఎలాస్టిక్కుకు అంగుళంపావు వదలాలి. ఒక్కో కాలు విడిగా కుట్టి, ఒకదాన్ని ఇంకోదాని లోపల దూర్చి మధ్య వంపు కుట్టాలి. ఆ వంపు రెండుసార్లు కుట్టాలి, పిల్లలు ముందు చింపేది అక్కడే.

లుంగీ దగ్గర తాతకు, బాపమ్మకు ఎప్పుడూ గొడవే. లుంగీ అంచును లాగు కాళ్ల దగ్గరికి పెడితే మడిచే పని తప్పుతుంది. కానీ అప్పుడు పడుగు అడ్డంగా, పేక నిలువుగా వస్తుంది. పడుగు గట్టిది, నిలువుగానే ఉండాలని తాత వాదన, ఎంతైనా నేతకారుడు. "ఆర్నెల్లల్ల పోరడు పొడుగైతడు, అప్పటిదాంక ఆగితే సాలు" అని బాపమ్మ. కుట్టేది ఆమె కాబట్టి ఆమె మాటే నడిచింది.

బాపుకు మాత్రం ఆ లాగులంటే ఇష్టం ఉండేది కాదు. గళ్లు చూసి తోటి పిల్లలు "ఇది మీ నాయన లుంగీ" అని గుర్తుపట్టేవాళ్లట. అందుకే మాకెప్పుడూ కొన్నవే తెచ్చాడు. బండి మీద రెడీమేడ్ లాగులు చవకగానే దొరుకుతాయి. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగినప్పుడు మాత్రం బాపే అటక మీది నుంచి మిషను దించాడు. ఇప్పుడు మా గల్లీలో చాలామంది సాంచాలను తూకానికి అమ్మేస్తున్నారు. సిరిసిల్లలో 2017 నుంచి బతుకమ్మ చీరల పని రావడంతో కొందరు ఊరికి తిరిగిపోయారు. మేము పోతామా లేదా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నారు, ఇంకా తేలలేదు.

తమ్ముడికి ఏడేళ్లు. డబ్బాలో ఏడు చుక్కల కటింగు లేదు, మా అత్త సిరిసిల్ల తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. అందుకని వాడి పాత లాగు కొలతతో నేనే కొత్తది కోశాను. ఈసారి పేపరు మీద తేదీ ఉన్న భాగం తెగకుండా చూసుకున్నాను. బాపు పాత ప్యాంటుతో కుట్టిన లాగు తమ్ముడు తొడుక్కుని గల్లీలో ఆడుతున్నాడు. జేబు లేదని ఒక్కటే గొడవ. జేబు ఎట్లా వేయాలో బాపమ్మ వచ్చే ఆదివారం చూపిస్తానన్నది.