ఉప్పాడ ఎండుచేపలు: కోతకు గురవుతున్న ఆరబోత నేల

కాకినాడ జిల్లా కొత్తపల్లి మండలంలోని ఉప్పాడ పేరు వినగానే జమ్‌దానీ చీరలు స్ఫురిస్తాయి. ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అదే తీరంలో మత్స్యకార కుటుంబాలు తరతరాలుగా నిర్వహిస్తున్న ఎండుచేపల తయారీకి అంతటి ప్రాచుర్యం దక్కలేదు. అయినప్పటికీ, సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న జనగామ జిల్లా జఫర్‌గఢ్ వంటి మెట్ట మండలాలకు మంచుగడ్డ, శీతల వాహనం అవసరం లేకుండా చేరగల సముద్రపు చేప ఇదే.

ఈ పరిశ్రమకు కుటుంబమే కర్మాగారం. పురుషులు వేటకు వెళ్లగా, ఒడ్డున జరిగే పాటలో సరుకు కొనడం, శుభ్రపరచడం, ఎండబెట్టడం, సంతలలో అమ్మడం ప్రధానంగా మహిళల బాధ్యత. నెత్తళ్లు, కవళ్లు వంటి చిన్న చేపలను యథాతథంగా ఆరబోస్తారు. పెద్ద చేపలను చీల్చి, పేగులు తీసి, ఉప్పు పట్టించిన తరువాతనే ఎండకు పెడతారు. పచ్చి చేపలో 70 నుంచి 80 శాతం వరకు నీరే ఉంటుంది. అందువల్ల మూడు, నాలుగు కిలోల పచ్చి చేపకు సుమారు ఒక కిలో ఎండు చేప మాత్రమే లభిస్తుంది. మధ్యలో వర్షం కురిస్తే ఈగల పురుగు పట్టి సరుకు పాడవుతుంది. పాటలో పెట్టిన పెట్టుబడి అంతటితో పోయినట్లే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో యాంత్రిక, మోటారు బోట్ల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఆ రోజులలో అంతకుముందు ఎండబెట్టి దాచిన సరుకే ఇంటికి ఆధారం.

ఈ వ్యాపారానికి అసలు మూలధనం ఆరబోసుకునే ఇసుక నేల. దానినే సముద్రం కోసివేస్తున్నది. ఉప్పాడ వద్ద రక్షణగా నిర్మించిన జియోట్యూబ్ గోడ అలల తాకిడికి దెబ్బతిన్నది. 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మోంథా తుఫాను సందర్భంగా కాకినాడ-ఉప్పాడ తీర రహదారి సైతం కోతకు గురైనది. రోడ్డుకు జరిగిన నష్టం అంచనాలలో నమోదవుతుంది. ఎవరి పేరిటా పట్టా లేని ఆరబోత నేల ఏ అంచనాలోనూ సులభంగా చోటు చేసుకోదు. అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశమిది.

నేలకు ఎత్తుగా కట్టిన వలల మంచెలపై ఆరబెడితే గాలి అడుగు నుంచి కూడా తగిలి చేప త్వరగా ఎండుతుంది, ఇసుక అంటదు. తక్కువ స్థలంలో అంతస్తులుగానూ అమర్చుకోవచ్చు. ఇసుక లేని సరుకుకు వర్తకుడు తరుగు తీయడానికి వీలుండదు. 2020 సెప్టెంబరు 10న ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లబ్ధిదారు ఆధారిత పథకాలలో మహిళలకు 60 శాతం వరకు సహాయానికి అవకాశం కల్పించారు.

ప్యాకింగు చేసి అమ్మదలచిన కుటుంబాలు మరొక లెక్క చూసుకోవలసి ఉన్నది. 2022 జూలై 18 నుంచి లేబులు అతికించిన ప్యాకెట్లలోని ఎండు చేపపై 5 శాతం జీఎస్టీ విధించారు. సంతలో విడిగా తూచి అమ్మే చేపకు ఆ పన్ను వర్తించదు.